బతకని తొట్టి

"నురగేదీ?"

వెనకనుంచి రోస్విత గొంతు వినపడగానే యూటా చేతిలోని కర్ర తొట్టిలోకి జారినంత పనైంది. నురగ లేదు. పైన తేలాల్సిన రాగిరంగు మెరుపూ లేదు. ఉన్నదల్లా బురదనీళ్ళు, కుళ్ళు కంపు.

"ఈ తొట్టి కూడా చచ్చిపోయింది, గురువుగారూ."

"పోయినసారీ చచ్చింది, ఈసారీ చచ్చింది. చెప్పిందే చెప్పే తీరిక నాకు లేదమ్మా! పారబోసి మళ్ళీ పెట్టు." రోస్విత తలగుడ్డ ముడి బిగించుకుని గుడారంలోకి వెళ్ళిపోయింది.

జర్మనీలో ఎర్ఫుర్ట్ ఊరి పక్కన కొండమీది పాత కోటలో వారాంతాల్లో కలుసుకునే ఆ బృందానికి ఏడువందల ఏళ్ళ నాటి బతుకు బతకడం ఒక సరదా. సోమవారం నుంచి శుక్రవారం దాకా పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే యూటా, శనివారం పొద్దున్నే నార గౌను తొడుక్కుని, అక్కడి ఆడవాళ్ళందరిలాగే తలకు గుడ్డ చుట్టుకుని, రంగులద్దే రోస్వితకు శిష్యురాలైపోతుంది. నీలి ఆకును నిలవ మూత్రంలో పులియబెట్టి నీలం తీయడం ఆ విద్య. అందుకు బృందంలో తలా ఒక చెంబు ఇస్తారు. మొదటి చెంబు మాత్రం గురువుదే. అది ఆ గుడారం ఆచారం.

ఈ వేసవితో తొట్టి దగ్గర నిలబడడం మానేస్తానని రోస్విత చెప్పేసింది. మోకాళ్ళు సహకరించడం లేదట. నెలాఖరున జరిగే కోతల పండుగలో యూటా అందరి ముందూ తెల్లగుడ్డ ముంచి నీలం తీస్తే గుడారం ఆమెది. లేకపోతే గుడారం విప్పేస్తారు. ఆ భయంతో యూటాకు తిండి సయించడం లేదు. గురువు కూడా ఈమధ్య పప్పు సూపు రెండు గరిటలు తాగి గిన్నె పక్కకు తోసేస్తోంది. అది తనమీద కోపమేనని యూటాకు బెంగ.

ఎందుకైనా మంచిదని ఇంటి గ్యారేజీలో తన ఒక్కదాని చెంబుతోనే ఓ చిన్న కుండ పెట్టి చూసింది. "నేను కావాలో ఆ కుండ కావాలో తేల్చుకో" అన్నాడు మొగుడు. గుడ్డ ముంచి తీస్తే ఆకుపచ్చగా వచ్చింది. గాలి తగిలేసరికి చూస్తూ చూస్తూండగానే నీలంగా మారిపోయింది. ఆమెకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇంట్లో బతికింది కోటలో ఎందుకు చస్తోంది?

బీరు కాచే గిస్బెర్ట్ ఆమె మొహం చూసి జాలిపడ్డాడు. "మా బావమరిది ఇంటి సెప్టిక్ ట్యాంకు కూడా ఇలాగే చచ్చింది, చెల్లెమ్మా. ఏవో ఘాటు మాత్రలు మింగాడు. ట్యాంకులో క్రిములన్నీ హరీమన్నాయి. వీధి వీధంతా ముక్కు మూసుకుంది!"

యూటా చప్పున తన తొట్టివైపు తిరిగింది. తొట్టి బతికేదీ క్రిముల వల్లే. ఎవరో మందులు మింగుతూ చెంబు నింపుతున్నారన్నమాట.

గుడారం గుడారం తిరిగి అందరినీ అడిగింది. కొందరు నవ్వారు. "మా ఒంటి సంగతి నీకెందుకమ్మా?" అని కమ్మరి పెళ్ళాం మొహంమీదే తెర దించేసింది. ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రం పీపాల చాటున గిస్బెర్టే ఏదో మాత్ర గుటుక్కున మింగుతూ కంటబడ్డాడు.

"దొరికావన్నా! నా తొట్టి ఉసురు పోసుకుంది నువ్వా?"

"అరవకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను! కీళ్ళవాతానికి మాత్ర. బీరు ముట్టొద్దన్నాడు డాక్టరు. ఈ గ్లాసులోది ఆపిల్ రసం. బీరు కాచేవాడే బీరు తాగడని తెలిస్తే నా పరువేం కాను?"

"మరి నీ చెంబు?"

"బీరు తాగినోడి చెంబుకే నీలం బాగా పడుతుందంటారుగా. నాది పనికిరాదని ఈ వేసవంతా ఇవ్వనేలేదు."

యూటా కాళ్ళీడ్చుకుంటూ గురువు దగ్గరికి వెళ్ళింది. రోస్విత పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చునుంది. యూటా జరిగిందంతా ఏకరువు పెట్టింది.

"ఎవరో అబద్ధమాడుతున్నారు, గురువుగారూ. ఎవరో తేలనివ్వండి, జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తాను!"

రోస్విత ఎందుకో నవ్వింది. "మీ ఇంటి కుండలో నీలం వచ్చిందన్నావే, ఏదీ?"

యూటా జేబులోంచి గుడ్డముక్క తీసిచ్చింది. రోస్విత దాన్ని మంట వెలుగులో తిప్పి చూసింది. వేలితో గట్టిగా రుద్దింది. రంగు అంటలేదు.

"నా నీలం కంటే బాగుంది. పండుగతో పనిలేదు. గుడారం నీదే."

యూటా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అలా జాలిపడి ఇస్తే నాకొద్దండీ. కోటలో, ఆ తొట్టిలోనే తీస్తాను. ఇవాళే మళ్ళీ పెడితే పండుగకి అందుతుంది. ఇదే ఆఖరి అవకాశం. మొదటి చెంబు మీరివ్వండి."

రోస్విత చెంబు అందుకోలేదు. "ఈసారి మొదటిది నీదే కానివ్వు."

"ఆచారం తప్పిస్తారా? మీ చెంబు కూడా ఇవ్వబుద్ధి కానంత తప్పు నేనేం చేశాను? తిట్టాలనుంటే తిట్టండి గానీ నన్నిలా దూరం పెట్టకండి!"

రోస్విత ఆమె చేతిలోంచి చెంబు తీసి పక్కన పెట్టింది. ఆ ఖాళీ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"నీ తొట్టిని చంపింది నా క్యాన్సర్ మందులే, యూటా."