కర్నూలు దిక్కు చూసే కళ్లు

"గోళ్లు చూపియ్. ఇంకో చెయ్యి."

కానిస్టేబుల్ వెంకట్రాములు శ్రీనాథ్ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే, గడప దగ్గర తల్లి జములమ్మ లేచి నిలబడింది. శుక్రవారం కదా, గడపకు జాజు పూస్తోంది. మణికట్టు దాకా ఎర్రమట్టి. పక్కన చిప్పలో తడి సున్నం.

"ఇదేంది మరి, ఎర్ర పెయింటు?"

"లారీ పెయింటు సార్. నిరంజనన్న షాపుల చేస్త. అక్కడ అందరి గోళ్లు గిట్లనే ఉంటయి."

"అందరి సంగతి నాకెందుకు? లారీల ముందట కండ్లు గీసేది నువ్వే గద?"

శ్రీనాథ్ తలొంచుకున్నాడు. అది నిజమే.

ఎండాకాలం నుంచి కొత్తకోట గోడల మీద కళ్లు మొలుస్తున్నాయి. హైవే బ్రిడ్జి కింద స్తంభాలకు, బస్టాండు వెనక, మూతపడ్డ మిల్లు గోడకు. చుట్టూ ఎరుపు, లోపల తెలుపు. ఒక్కటే కన్ను, రెప్ప వాలనిది. ఊరు లేచేసరికి తయారుగా ఉంటుంది. మొన్న మున్సిపాలిటీ కొత్తగా రంగులేయించిన గోడ మీద కూడా కనబడింది. దాంతో మాట స్టేషన్ దాకా పోయింది.

"అన్నీ కర్నూలు దిక్కే చూస్తున్నయేందిరా? ఆడ ఏ పిల్ల ఉన్నది?"

"నా కొడుకు గియ్యలే సార్" అంది జములమ్మ.

"ఏ తల్లయినా గదే అంటది."

"వాన పడితే పోయేదానికి గింత పరేషాన్ ఎందుకు సార్? జర ఇడిసిపెట్టుండ్రి."

"పెయింటు వానకు పోతదా అమ్మా? ఇంకొక్కటి కనబడనీ, కేసే. మా సారు చెప్పిండు."

ఆయన పోయాడు గానీ కేసన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది. కేసంటే స్టేషను. స్టేషనంటే దెబ్బలు. దెబ్బలంటే దవాఖాన. జములమ్మ ఆలోచన ఎప్పుడూ దవాఖాన దాకా పోనిదే ఆగదు. భర్త బుచ్చన్న ఉల్లిగడ్డ లోడుతో కర్నూలు మీదుగా బెంగుళూరు పోయి, ఇక తిరిగి రాలేదు. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటి నుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. హారన్ వినబడితే లేచి కూర్చుంటుంది. తెల్లారకముందే బకెట్ పట్టుకుని ధాబాకు అంట్లు తోమడానికి పోతుంది. ఒక్క కొడుకు. వాణ్ని కూడా ఎవరో పట్టుకుపోతారని రోజూ భయమే.

అంతలో నిరంజన్ ఫోన్ చేశాడు. "అక్కా, పిలగాడు మంచోడే. కానీ కేసయితే నా షాపుకు పంపకు."

శ్రీనాథ్ అన్నం ముట్టలేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ తల్లికి చూపించాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన అఖిల అనే అమ్మాయి బ్రిడ్జి స్తంభం ముందు నిలబడి మాట్లాడుతోంది. ఇది గోడ మీది మోడ్రన్ ఆర్ట్ అట. ఎవరో కుర్రాడు లోకం మీద కోపమంతా ఆ కంట్లో పెట్టాడట.

"కోపమని ఆ పిల్లకెట్ల తెల్సు?"

"ఆర్ట్ చదువుకున్నోళ్లకు తెలుస్తదమ్మా."

"ఊఁ" అంది జములమ్మ. కాసేపు ఆ కన్ను వైపే చూసింది. "లేరా. బట్టలు సదురుకో. రాజోలికి, ఈదమ్మ చిన్నమ్మ ఇంటికి పో."

"అంటే నేనే గీసిన అనుకుంటున్నవా?"

ఆమె సంచి తెచ్చి వాడి ముందు పెట్టింది.

"అమ్మా, నిన్నే అడుగుతున్న."

"పో బిడ్డా. అలిసిపోయిన నేను."

బస్టాండు నల్లా కింద చేతులు తెల్లగా తేలేదాకా రుద్ది కడుక్కుని, వెంకట్రాములును ఆమే పిలుచుకొచ్చింది.

"సూడుండ్రి సార్, మీ ముందర్నే బస్సెక్కిస్తున్న. రాజోలిల మా చెల్లె ఇంట్ల ఉంటడు. రేపు గోడ మీద కన్ను కనబడితే నా కొడుకు కాదని ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంట. మరి కనబడకపోతే?"

జములమ్మ కొడుకు సంచిని కిటికీలోంచి లోపలికి అందించింది.

"కనబడకపోతే వీడేనన్నట్టే గద!" వెంకట్రాములు నవ్వాడు. "నీ కొడుకును నువ్వే పట్టిస్తున్నవు గదమ్మా. ఎసుంటి తల్లివి నువ్వు?"

కిటికీ పక్కన కూర్చున్న శ్రీనాథ్ ఆ మాట విన్నాడు. బస్సు కదిలినా తల్లి వైపు తిరగలేదు.

మరునాడు పొద్దున్నే తలుపు చప్పుడయింది. జములమ్మ చేతులు కొంగులో చుట్టుకుని బయటికొచ్చింది. ఎదురుగా వెంకట్రాములు, మొహం వేలాడేసుకుని.

"ఏమాయె సార్?"

"ఏమయితది? స్టేషన్ ఎదురుంగ గోడ మీదనే ఎవడో గీసిండమ్మా. మా సారు నన్ను తిట్టని తిట్టు లేదు."

"మరి నా కొడుకు?"

"వీడియో కాల్ చేసిన. మీ చెల్లె ఇంటి ముందర పండ్లు తోముకుంటుండు. నీ కొడుకు కాదు, ఒప్పుకున్న. నిరంజన్‌కు కూడా చెప్త తియ్."

ఆమె గోడకు ఆనుకుంది.

"ఒక్కటే సమజయితలేదు," అన్నాడు వెంకట్రాములు వెళ్లబోతూ. "ఈ కన్ను మూసుకొనున్నదమ్మా. హాయిగ పండుకున్నట్టున్నది."

"పండుకోనియ్యుండ్రి సార్. ఎన్ని దినాల నుంచి మేలుకున్నదో."

ఆయన బండి సందు తిరిగేదాకా ఆగి, ఆమె కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

గోళ్ల సందుల్లో జాజూ సున్నమూ ఇంకా ఆరలేదు.