వదులు చేసిన మూడు బోల్టులు

వ్యాను కింద పొగగొట్టం కొలిమిలో పెట్టిన కొడవలిలా ఎర్రబడి ఉంది.

కితూయి రోడ్డు మీద ఉన్న నా మెకానిక్ షెడ్డుకు దాన్ని నడకకన్నా నెమ్మదిగా తెచ్చి ఆపాడు డ్రైవరు కితోమె. చిన్న ఎత్తు కనిపిస్తే చాలు, బండి చతికిలబడుతోందట. ప్యాసింజర్లే దిగి తోస్తున్నారట. నెల రోజులుగా ఇదే వరస.

పొగ బయటికొచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టాను. గాలి చాలా పలచగా తగిలింది.

పొగను వడగట్టే డబ్బా లోపల పూడుకుపోయింది. పొగ పోయే దారి లేక ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోంది. డబ్బా ఊడదీసి, కోసి, లోపలిదంతా పగలగొట్టి, మళ్ళీ వెల్డింగ్ పెట్టాలి. సాయంత్రం దాకా పని.

"అంతసేపు కుదరదు మేస్త్రీ. వదిన జొన్న కంకులు రోడ్డు మీద పరిచేసింది. పదింటికల్లా వచ్చి బండితో తొక్కిస్తానన్నాను."

కితోమె అన్న పోయి మూడేళ్ళయింది. వదిన స్యోంబువా ఒక్కతే ఆ చేను చేసుకుంటోంది. రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఈసారే పండింది. నలుగురు పిల్లలకు ఏడాది తిండి ఆ కంకులే.

టీ తాగి రమ్మని అతన్ని పంపించాను.

అటు వెళ్ళగానే కింద దూరి, డబ్బాకు ముందున్న అతుకు దగ్గర మూడు బోల్టులు వదులు చేశాను. ఇక వేడి పొగంతా ఆ సందులోంచే కిందికి కొడుతుంది. ఇంజనుకు ఊపిరాడుతుంది. చప్పుడు కాస్త పెరుగుతుంది. తొందరలో ఉన్నవాడికి మా పనివాళ్ళందరం చేసేదే ఇది.

కితోమె వచ్చి బండి ఎక్కాడు. అది ఒక్కసారిగా ముందుకు ఉరికింది. అతని మొహం విప్పారింది.

"ఏం చేశావు?"

"నీకెందుకయ్యా? నడుస్తోందిగా. రేపు తీసుకురా, మిగతాది చూస్తా."

జొన్న కంకులని చెప్పాడు. చెవులారా విన్నాను. అయినా నాకు తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది.

పదకొండు దాటాక ఆ దిక్కున పొగ లేచింది.

మోటార్ సైకిల్ మీద నేను వెళ్ళేసరికి రోడ్డు పొడవునా బూడిద. రెండుసార్లు తొక్కించాక, ఆడవాళ్ళు కంకులు తిరగెయ్యాలంటే బండిని వాటి మీదే ఆపాడట. ఇంజను ఆపలేదట. కింద కంకులు అంటుకున్నాయి, మంటకు గాలి తోడైంది. నీళ్ళు మూడు కిలోమీటర్ల అవతల. దుప్పట్లతో బాదారు, ఇసుక చల్లారు. బండిని మాత్రం లాగి దక్కించారు.

స్యోంబువా బూడిదలో కూర్చుని మాడిన కంకుల్ని నలుపుతోంది. ఒక్కో గింజా నోట్లో వేసుకుని ఉమ్మేస్తోంది. ఆ చేతుల వైపు నేను చూడలేకపోయాను.

ఊరి పెద్దాయన నాకు దారి ఇప్పించాడు. ఎందుకంటుకుందో మేస్త్రీయే తేల్చి చెబుతాడన్నాడు. కితోమె ఆశగా నా వైపు చూశాడు. బండి బాగుచేశానన్న సంగతి తప్ప అతనికేమీ తెలియదు.

కింద దూరాను. మూడు బోల్టులూ నేను వదిలినట్టే ఉన్నాయి.

జేబులోంచి పానా తీసి బిగించేశాను. వేళ్ళు కాలాయి.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాను.

"పెట్రోలు మంచిది కాదు."

మా దగ్గర ఏ బండి చెడినా మేస్త్రీలు చెప్పే మాట అది. దానికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

ఎవరి పంట తొక్కిస్తే వాళ్ళే పెట్రోలు పోయించడం మా ఊళ్ళ ఆనవాయితీ. స్యోంబువా నెమ్మదిగా తలెత్తింది.

"పోయించింది నేనే," అంది. "చవగ్గా వస్తోందని నిన్న రోడ్డు పక్క సీసాల్లో పెట్రోలు అమ్మేవాడి దగ్గర తెచ్చాను. నా పిల్లల నోట్లో నేనే మట్టి కొట్టాను."

నేను కాదనలేదు.