వేణక్క కళ్లద్దాలు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, అమ్మ, ఈశ్వరి ఉన్నారు. వేణక్క కూడా ఉంది, తన గదిలో. డిగ్రీ కాగానే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరింది. పని ఇంటి నుంచే, అదే మొదటి రోజు. కంపెనీల బేరాల గుట్టు బయటికి పొక్కకూడదని బ్యాంకులన్నీ కొత్తవాళ్లకు కళ్లద్దాలు ఇస్తున్నాయి. అవి పెట్టుకుంటే పని ముగిసేదాకా బ్యాంకువాళ్లు తప్ప ఎవరూ కనబడరు, వినబడరు. ఇంట్లోవాళ్లు ఒంటిమీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడినట్టే.

మధ్యాహ్నం నాయనమ్మకు ఊపిరి అందలేదు. అమ్మ ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

“పోయేముందు వేణీని ఒక్కసారి పలకరించాలే,” అంది నాయనమ్మ మంచం మీంచి.

అంతలో వేణక్కే మంచినీళ్ల కోసం తలుపు తీసింది. పొద్దున నాయనమ్మ వేసిన జడ చెదరలేదు.

“అక్కా, నాయనమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం.”

“అలాగే సార్,” అంది వేణక్క, ఎవరితోనో నవ్వుతూ.

ఈశ్వరి చెయ్యి చాచింది.

“ముట్టుకోకే,” అంది నాయనమ్మ ఆయాసపడుతూ. “దాని నోటికాడి కూడు తీయకు. చూశాగా, చాల్లే.”

ఈశ్వరి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వేణక్క గుమ్మం పక్కనున్న చెంబు అందుకుని, ఖాళీ ఇంటిని చూసినట్టు ఇద్దరి వంకా చూసి, తలుపు వేసుకుంది.