చివరి పదకొండు నిమిషాలు

"ఇంకా పదకొండు నిమిషాలున్నాయి, బాబూ. కూర్చోండి."

పక్క కుర్చీలోని పెద్దావిడ మాటకు విమర్శకుడు చీకట్లోనే మొహం చిట్లించాడు.

పత్రికలవాళ్ళ కోసం వేసిన ఉదయపు సినిమా ప్రదర్శన అది. హాల్లో దీపాలు వెలిగేలోగా అతని సమీక్ష వెబ్‌సైటులో ఉండాలి. ఆ పరుగులో ఇంతవరకూ అతన్ని ఎవరూ దాటలేదు.

"పాత సినిమా ముప్పైసార్లు చూశానమ్మా. దాని మీద వ్యాసం రాసే ఈ వృత్తిలోకి వచ్చాను. తనను పెంచిన మరమనిషిని ఆ పిల్ల ఆఖర్న సుత్తితో పగలగొడుతుంది. మళ్ళీ తీస్తే మాత్రం ఇంకేముంటుంది?"

"చూస్తే కదా తెలిసేది!"

"రెండు గంటలుగా నత్తనడక. చాల్లెండి."

ఆవిడ చేతిసంచిలోంచి నాలుగు మడతల పాత కాగితమొకటి తీసింది.

"పోనీ, ఇది ఒక్కసారి..."

"సంతకాలు తర్వాతమ్మా."

ఆవిడ మోకాళ్ళు దాటుకుని బయటపడ్డాడు. మెట్ల మీదే నిలబడి సెల్‌ఫోనులో రాసేశాడు: 'ప్రాణం లేని నకలు. ముగింపుతో సహా మక్కీకి మక్కీ.'

అతను బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. మిగతా సమీక్షకులూ అదే పాట అందుకున్నారు. హాళ్ళు ఖాళీ అయ్యాయి.

నాలుగోనాడు ఎడిటర్ ఫోన్ చేశాడు.

"ముగింపు మారిందని ఎవరో పాఠకుడు రాశాడయ్యా. నువ్వు చూశావా, లేదా?"

"చూడకుండా రాస్తానా సార్!"

నాలుక తడబడలేదు. కాళ్ళు మాత్రం ఆ సినిమా ఆడుతున్న ఒకే ఒక్క హాలుకు నడిచాయి.

"ఇదే ఆఖరి ఆట సార్," అన్నాడు టికెట్లు చించేవాడు. "ఎవరో మహానుభావుడు ముంచేశాడు. పాపం, ఒక పెద్దావిడ రోజూ వచ్చేది. నిన్న ఆ సమీక్ష నా చేత చదివించుకుంది. 'ఆయన అలా రాయరు, మళ్ళీ చదువు' అంది. మళ్ళీ చదివాను. పేరు కూడా చదివాను. లేచి వెళ్ళిపోయింది. ఈరోజు రాలేదు."

అతను తలవంచుకుని లోపలికి వెళ్ళాడు. కుర్చీలన్నీ ఖాళీ.

తెర మీద పిల్ల సుత్తి ఎత్తింది.

దించేసింది.

పీట లాక్కుని మరమనిషి పక్కన కూర్చుంది.

"నాలో శక్తి అయిపోతోంది. నువ్వు వెళ్ళు తల్లీ, ఆలస్యమవుతుంది," అంది యంత్రం.

"నీ దీపం ఆరేదాకా ఉంటాను."

పదకొండు నిమిషాలూ అంతే. యంత్రం గుండెల్లో చిన్న దీపం, పక్కన పిల్ల. ఈసారి విమర్శకుడు కుర్చీలోంచి లేవలేదు.

దీపం ఆరింది. తెర మీద ఒక పాత వ్యాసం కనబడింది, నాలుగు మడతల గీతలతో సహా. అతని మొట్టమొదటి వ్యాసం. అందులో ఒక వాక్యం కింద ఎర్రగీత: 'ఆ సుత్తి ఎవరో బలవంతంగా అతికించింది, ఈ కథ పుట్టించిన మనిషి ఆ పిల్లను చివరిదాకా పక్కనే కూర్చోబెట్టి ఉంటుంది.'

'నన్ను నమ్మిన ఆ ఒక్క ప్రేక్షకుడికి' అన్న అక్షరాల కింద, పాత సినిమాలో పేరైనా వేయని కథారచయిత్రి ఫోటోలోంచి, పక్క కుర్చీ పెద్దావిడ అతన్నే చూస్తోంది.