పెద్దమనిషి మాటలు

"మళ్లీ వైరు కదిపావా! నీ చెయ్యి పడిందంటే ఇంతే!" మా ఆయన గయ్యిమన్నాడు.

వాయిస్ రికార్డర్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కుతున్న ఆయన రికార్డింగులు తొంభై శాతం దగ్గర ఆగిపోయాయి. ఇది రెండోసారి.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాలి. అసలు బుద్ధుందా నీకు?"

రేపు ఆయన స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత ఆయన గొంతంటే, ముందే చదివి రికార్డు చేసుకున్న ఈ మూడు వందల వాక్యాలే.

మూడోసారి ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అన్నీ ఎక్కాయి. ఆయన చెమట తుడుచుకున్నాడు.

ఆ వాక్యాలు నేనూ విన్నాను. "దయచేసి మంచినీళ్లు ఇవ్వండి." "చాలా సంతోషం." అన్నీ పెద్దమనిషి మాటలే. ఆ మనిషితో నేనెప్పుడూ కాపురం చెయ్యలేదు.

అందుకే రెండుసార్లూ వైరు కావాలనే కదిపాను. బల్ల మీద బోర్లించిన నా ఫోన్‌లో ఆయన తిట్లన్నీ రికార్డయ్యాయి.