పడవలో అవతలి మనిషి

తమ్ముడూ,

కలప అడితిలో దుంగ సగం కోత మీద ఉండగా రంపం వదిలేసి పోయావు. ఇన్నేళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. నేను లాగితే నువ్వు వదలాలి, నువ్వు లాగితే నేను వదలాలి. పెద్ద రంపం ఒక్కడి వల్ల అవుతుందా?

మా టీవీకి ఇప్పుడు ఒక ఆటపెట్టె తగిలించారు. చేతిలో పుల్లలాంటిది పట్టుకుని లాగితే తెరమీద పడవ నడుస్తుంది. ఒంటికి కసరత్తట. రోజూ పొద్దున్నే లాగి లాగి భుజాలు పడిపోతున్నాయి. పడవ మాత్రం ఉన్నచోటే తిరుగుతోంది.

“లాగి ఆగిపోతారేంటి మామయ్యా?” అంది కోడలు.

“ఇప్పుడు అవతలివాడి వంతు కదమ్మా.”

“ఇది ఇద్దరు లాగే పడవ, అవతల ఎవరూ లేరుగా! ఒక్కరు ఆడే ఆట పెడతా, ఉండండి.”

“దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను” అన్నాను.

నీకు పక్షవాతం వచ్చిందనీ, కుడిచెయ్యి ఆడించమని డాక్టరు మొత్తుకుంటున్నా గోడవైపు తిరిగి పడుకుంటున్నావనీ నీ కొడుకు ఫోన్‌లో ఏడ్చాడు. వాడు నీకు కొనిపెట్టింది కూడా ఈ ఆటే. ఇంట్లో నెట్ ఉంటే చాలు, నీ మంచం మీంచే నా పడవ ఎక్కొచ్చట. అందుకే నేనూ కొనిపించాను. లేకపోతే నా ఒంటికేం రోగం?

నాతో మాట్లాడకపోతే మానెయ్యి. చెయ్యి ఎంత లేస్తే అంతే లాగు, నేను ఆగుతాను. ఎడమచేత్తో వంకరటింకరగా రాసినా పర్వాలేదు, నా రాత మాత్రం ఏం ఏడ్చింది? ఎక్కుతావో ఎక్కవో, శనివారంలోగా జవాబు రావాలి.