ఫ్యాను పక్కన చోటు

ముందు ఎలీషబానే పిలిచారు.

సామ్రాజ్యం మొహం తిప్పుకుంది. గుంటూరు ఆసుపత్రికి వచ్చినా ఇంతే. ఎక్కడికి పోయినా తోడికోడలిదే ముందు వరస.

మార్కాపురంలో ఇద్దరూ ఒకే పలకల ఫ్యాక్టరీలో అంచులు అరగదీస్తారు. సామ్రాజ్యం చేరి పద్నాలుగేళ్ళు. ఎలీషబా అంతకుముందు నుంచే ఉంది. ఈమధ్య ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేల్లో ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. ఏది మానిన గాయమో, ఏది లోపల ఇంకా రగులుతోందో వాటిలో తేలలేదు. అందుకని ఈ పరీక్షకు పంపారు. నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది రక్తంలో తిరిగి, గాయం రగిలే చోట పోగవుతుంది. మిషన్ తీసే బొమ్మలో ఆ చోటు వెలుగుతుంది.

సూది వేశాక నర్సు రాధిక ఎలీషబాకు దుప్పటి కప్పింది. సామ్రాజ్యం వంతు వచ్చేసరికి దుప్పట్లు అయిపోయాయి.

"నాది కప్పుకో సామ్రాజ్యం."

"నాకేం చలి లేదులే అక్కా."

ఆమె చేతిది ఏదీ పుచ్చుకోకూడదని ఎప్పుడో అనుకుంది. పనిలో చేరిన మొదటిరోజు మేస్త్రి గోవిందయ్య తనను గోడకున్న పెద్ద ఫ్యాను పక్కన కూర్చోమన్నాడు. పీట మీద సర్దుకునేలోపే, అప్పటిదాకా తలుపు దగ్గర కూర్చున్న ఎలీషబా వచ్చి రెక్క పట్టుకుని లేపింది.

"ఇది నా చోటు. నువ్వు పొయ్యి ఆ తలుపుకాడ కూచో."

తలుపు దగ్గర ఎండ మొహాన కొట్టేది. ఫ్యాను పక్కన ఎలీషబా కొంగు మాత్రం గాలికి ఎగురుతుండేది. ఆ కొంగును చూస్తూ పద్నాలుగు ఎండాకాలాలు ఉడికిపోయింది. మేస్త్రితో రెండుసార్లు పోట్లాడింది. "మీ అక్కనే అడగబో," అన్నాడతను. మేస్త్రితో నవ్వి నవ్వి ఆ చోటు సంపాదించిందని చర్చిలో ఆడవాళ్ళతో చెప్పింది కూడా.

సాయంత్రం డాక్టరు ఇద్దరికీ బొమ్మలు చూపించాడు. సామ్రాజ్యం బొమ్మ మసకగా ఉంది. ఎలీషబా ఊపిరితిత్తులు రెండూ పచ్చగా వెలిగిపోతున్నాయి.

"ఏంది సార్, అక్కది మాత్రం అట్ల మెరుస్తాంది?" సామ్రాజ్యం గొంతులో ఉక్రోషం దాగలేదు.

"మెరవకూడదమ్మా. నీ మచ్చలు పాతవి. పెరగడం లేదు. ఆమెకు లోపలంతా రగులుతూనే ఉంది."



డాక్టరు ఎలీషబా వైపు తిరిగాడు. "ఫ్యాక్టరీలో ఎక్కడ కూర్చుంటావు?"

"ఫ్యాను పక్కన సార్."

"గాలిని బయటికి లాగే ఫ్యానా? అయితే షెడ్డులో దుమ్మంతా నీ ముక్కు ముందు నుంచే పోతుంది కదా! ఎవరూ చెప్పలేదా?"

"తెలుసు సార్. ఆ చోట్లో కూచునే మా అమ్మ దగ్గి దగ్గి పోయింది."

"మరి తెలిసీ అక్కడెందుకు కూర్చున్నావు?"

ఎలీషబా తోడికోడలి వైపు చూడలేదు.

"ఆ పొద్దు నేను లేపకపోతే ఆడ మా చెల్లెలు కూచునేది సార్."